గ్రామ భవనములలో విద్యుచ్ఛక్తి: కొలుచుట, పోల్చుట

పంచాయతీ సమావేశములలో విద్యుత్ బిల్లుల ప్రస్తావన తరచుగా వచ్చుచుండును. వీధి దీపములకు ఎంత అయినది, మంచినీటి మోటారుకు ఎంత అయినది అని సభ్యులు అడుగుదురు. ఆ రెండును పెద్ద మొత్తములు కావున అట్లు అడుగుట సహజమే. కాని పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్వాడీ కేంద్రము, ఆరోగ్య ఉపకేంద్రము, సామాజిక భవనము మున్నగు వాటి బిల్లులు విడివిడిగా చిన్నవి. అందుచే అవి ఏ పద్దు క్రింద చెల్లింపబడినను, ఎవరును ప్రశ్నింపకయే ఆమోదము పొందుచుండును. పండ్రెండు నెలలకు అన్నింటిని కూడి చూచిన పంచాయతీలు బహు కొద్ది.

ఇది కేవలము బిల్లుతో ముగిసెడి విషయము కాదు. వేసవిలో కార్యాలయము వేడెక్కినప్పుడు ఏ.సి. కొనవలెనని ఒక సభ్యుడు కోరును. బిల్లు పెరిగినప్పుడు కప్పుపై సౌర ఫలకములు పెట్టింపవలెనని మరియొకరు కోరుదురు. రెండును డబ్బుతో కూడిన పనులే. ఏ భవనము ఎంత శక్తిని వాడుచున్నది, అందులో ఎంత పనికి వచ్చుచున్నది, ఎంత వృథా పోవుచున్నది అను లెక్క చేతిలో లేనప్పుడు ఎవరి గొంతు పెద్దదో వారి మాటయే తీర్మానమగుచున్నది. ఆ లెక్క కట్టుటకు ఇంజనీరు అవసరము లేదు. ఒక టేపు, ఒక పుస్తకము, మీటరు చదువగల ఒక మనిషి ఉన్నచో చాలును.

రూపాయలు కొలత కావు

మొట్టమొదట గ్రహింపవలసినది ఇది. బిల్లులోని రూపాయల మొత్తమును బట్టి భవనపు వాడకమును నిర్ణయింపరాదు. అందులో స్థిర ఛార్జీలు ఉండును, పాత బకాయి ఉండవచ్చును, ఆలస్య రుసుము ఉండవచ్చును. రేట్లు కూడ మారుచుండును. నిరుటి కంటె ఈ యేడు బిల్లు పెరిగినది అన్నంత మాత్రమున వాడకము పెరిగినదని అర్థము కాదు. చూడవలసినది యూనిట్లు. వేయి వాట్ల పరికరము ఒక గంట నడచినచో ఒక యూనిట్ అగును. యూనిట్‌కు ఈ అర్థము దేశమంతటను ఒకటే. కాలముతో మారునది కాదు.

బిల్లులోని యూనిట్లను కూడ కన్ను మూసికొని నమ్మరాదు. భవనము మూసియున్న రోజున రీడింగు తీయ వచ్చిన మనిషి సగటు అంకె వేసి పోవుట కద్దు. ఆ తప్పు తరువాతి నెలలో సర్దుబాటగును గాని, నెలనెలకు పోల్చువారికి చిక్కు తెచ్చి పెట్టును. కావున ప్రతి నెల ఒకే తేదీన, ఒకే వేళకు, పంచాయతీ వారే మీటరు అంకెను చూచి పుస్తకములో వ్రాసికొనుట మేలు. చూచుట మాత్రమే మన పని. మీటరు సీలును, తీగలను ముట్టరాదు.

వైశాల్యముచే భాగించుట

పెద్ద భవనము ఎక్కువ యూనిట్లు వాడును, చిన్నది తక్కువ వాడును. ఈ రెండింటిని పోల్చుట ఎట్లు? ఎకరము లెక్కకు దిగుబడిని తెచ్చి రెండు పొలములను పోల్చునట్లే, చదరపు మీటరు లెక్కకు యూనిట్లను తెచ్చి రెండు భవనములను పోల్చవలెను. ఏడాదిలో వాడిన మొత్తము యూనిట్లను భవనపు నేల వైశాల్యముచే భాగించగా వచ్చు అంకెకు శక్తి వినియోగ సూచిక అని పేరు. వైశాల్యము చదరపు అడుగులలో తెలిసియున్నచో దానిని 10.76 చేత భాగించినచో చదరపు మీటర్లు వచ్చును. భవనమునకు అంతస్తులు రెండైనచో రెండింటి వైశాల్యమును కలుపవలెను. మూడు ప్రక్కల తెరచియుండి, దీపము తప్ప మరేమియు లేని వసారాను కలుపకుండుట మంచిది. కలిపినను తప్పు లేదు గాని, అన్ని భవనములకు అదే పద్ధతి పాటింపవలెను.

ఉదాహరణకు 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల ఒక కార్యాలయమును తీసికొందము. వైశాల్యము 108 చదరపు మీటర్లు. ఏడాదికి 3,240 యూనిట్లు కాలినవి. భాగించగా సూచిక 30 వచ్చినది. ఏ.సి. లేని చిన్న కార్యాలయమునకు ఇది హెచ్చు. వెంటనే ఫ్యానులు మార్పింపవలెనని తొందరపడుట న్యాయమా?

కాదు. మొదట ఆ మీటరు దేనిదేనిని కొలుచుచున్నదో చూడవలెను. గ్రామములలో ఇది ముఖ్యమైన సంగతి. కార్యాలయపు మీటరు నుండియే ఆవరణలోని బోరు మోటారుకు తీగ లాగియుండుట, ముందరి వీధి దీపము దానికే కలిసియుండుట మనకు కొత్త కాదు. మన ఉదాహరణలో ఒక అశ్వశక్తి మోటారు ఉన్నదనుకొందము. అది గంటకు సుమారు ఒక యూనిట్ వాడును. రోజుకు 3 గంటల చొప్పున 360 రోజులు నడచినచో 1,080 యూనిట్లు. ఇది నీటి ఖర్చు గాని భవనపు ఖర్చు కాదు. దానిని తీసివేయగా మిగిలినది 2,160. ఇప్పుడు సూచిక 20. మూడవ వంతు తప్పు కార్యాలయమునకు లేనిపోని నిందగా అంటుకొనియున్నది. వీలున్నచో మోటారుకు వేరుగా ఒక చిన్న మీటరు బిగింపవలెను. వీలు లేనిచో మోటారు నడచిన గంటలనైన వ్రాసి యుంచవలెను.

తాళము వేసిన గదిలో వాడకము

ఇప్పుడు చెప్పబోవు పరీక్ష ఈ వ్యాసములోనికెల్ల ఎక్కువ ఫలము నిచ్చునది. దీనికి పైసా ఖర్చు లేదు.

శనివారము సాయంత్రము 6 గంటలకు కార్యాలయము మూయునప్పుడు మీటరు అంకెను వ్రాయుడు. సోమవారము ఉదయము 10 గంటలకు తలుపు తీయకముందే మరల వ్రాయుడు. నడుమ 40 గంటలు. ఆ కాలములో లోపల మనిషి లేడు, పని లేదు. మోటారు కూడ నడువకుండ చూడుడు. అయినను అంకె 6 యూనిట్లు పెరిగినదనుకొందము. 6 యూనిట్లను 40 గంటలచే భాగించినచో గంటకు 0.15 యూనిట్, అనగా 150 వాట్లు. తాళము వేసిన గదిలో ఎవరికొరకు ఈ 150 వాట్లు?

వెదకినచో దొరకును. చల్లని నీటి యంత్రము రాత్రింబవళ్ళు నడచుచుండును. పాతబడిన బ్యాటరీకి ఇన్వర్టరు ఎడతెగక ఛార్జి చేయుచుండును. వెనుక గదిలో, బీరువా చాటున, ఒక ట్యూబు లైటు వెలుగుచునే యుండును. పాత రాగిచుట్ట చోకు గలదైనచో అది ఒక్కటే 50 వాట్లకు పైబడి తీసికొనును. కంప్యూటరును, ప్రింటరును గోడ స్విచ్చి వద్ద ఆపక వదలుదురు.

ఈ 150 వాట్లను చిన్నవని తలపరాదు. ఏడాదికి గంటలు 8,760. కార్యాలయము రోజుకు 8 గంటల చొప్పున 290 రోజులు పని చేసినచో పని గంటలు 2,320 మాత్రమే. మిగిలిన 6,440 గంటలు తాళము వేసిన గంటలు. 6,440 గంటలు 0.15 చొప్పున 966 యూనిట్లు. భవనము వాడిన 2,160 యూనిట్లలో నూటికి 45 వంతులు ఎవరును లేనప్పుడు కాలినవి! సభ్యులు పగటిపూట దీపములార్పుమని ఎంత హెచ్చరించినను ఈ నష్టము కనబడదు. చీకటిపడిన తరువాత జరుగు ఖర్చు ఇది.

ఏ పరికరము ఎంత లాగుచున్నదో తెలిసికొనుటకు మీటరే సాధనము. ఎలక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్ర దీపము మెరయుచుండును. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరయునో మీటరు ముఖముపైననే ముద్రించియుండును. 3200 అను అంకె తరచుగా కనబడును. అన్నింటిని ఆపి, పరీక్షింపవలసిన దానిని మాత్రము నడిపి, ఒక నిమిషములో మెరుపులను లెక్కింపుడు. 8 మెరుపులు వచ్చినచో గంటకు 480. దానిని 3200 చే భాగించగా 0.15 యూనిట్, అనగా 150 వాట్లు. ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఈ పని అప్పగించినచో వారికి గణిత పాఠము, మనకు లెక్క. ఒక హెచ్చరిక: ఆరోగ్య కేంద్రములలో టీకా మందులుంచు శీతల పెట్టెను ఏ పరీక్ష కొరకును ఒక్క క్షణమైనను ఆపరాదు.

దేనితో పోల్చవలెను?

సూచిక 20 అని తేలినది. ఇది మంచిదా, చెడ్డదా? ఒంటరి అంకెకు అర్థము లేదు. ప్రక్కన మరియొక అంకెను నిలిపినప్పుడే అది మాట్లాడును.

మన దేశములో 2001 సంవత్సరపు శక్తి పరిరక్షణ చట్టము ననుసరించి 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్ర సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ 2007లో పెద్ద వాణిజ్య భవనములకు శక్తి పరిరక్షణ నియమావళిని, 2009లో కార్యాలయ భవనములకు నక్షత్ర పట్టికను వెలువరించినది. వాతావరణమును బట్టి పట్టిక వేరగును. ఉక్కతో కూడిన వేడి ప్రాంతమునకు, అనగా మన కోస్తా వంటి సీమకు, వైశాల్యములో సగము కంటె తక్కువ భాగమునకు ఏ.సి. ఉన్న కార్యాలయములలో సూచిక 75 నుండి 85 వరకు ఉన్నచో ఒక నక్షత్రము, 45 కంటె తక్కువైనచో ఐదు నక్షత్రములు. హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణమునకు ఆ హద్దులు ఐదేసి యూనిట్లు తక్కువ.

దీనిని చదివి, మా కార్యాలయపు సూచిక 20 కావున మాకు ఐదు నక్షత్రములు దక్కినవని మురియుట పొరపాటు. ఆ పట్టిక 100 కిలోవాట్లు, అంతకు మించిన లోడు గల భవనముల కొరకు చేసినది. వాటిలో లిఫ్టులు, వరుసలకొలది కంప్యూటర్లు, నిండుగా దీపములు ఉండును. ఆరు ఫ్యానులు, ఒక కంప్యూటరు గల గ్రామ కార్యాలయమును దానితో తూచుట, బంగారపు త్రాసులో ధాన్యమును తూచుట వంటిది. పెద్ద భవనముల నియమావళి గ్రామ కార్యాలయమును నిర్బంధింపదు కూడ. పట్టిక నుండి మనము గ్రహింపవలసినది అంకెలను కాదు, పద్ధతిని: ఒకే వాతావరణము, ఒకే విధమైన పని, ఒకే పని గంటలు గల భవనములను మాత్రమే పోల్చవలెనను నియమమును.

కనుక కార్యాలయమును కార్యాలయముతో, పాఠశాలను పాఠశాలతో పోల్చవలెను. రాత్రియు తెరచియుండు ప్రసూతి గదిని, సాయంత్రము నాలుగింటికి మూయు బడితో పోల్చరాదు. మండలములోని పంచాయతీలు తమ అంకెలను ఒకచోట చేర్చుకొన్నచో కొలబద్ద దానంతట అదే తయారగును. తొమ్మిది కార్యాలయముల సూచికలు వరుసగా 9, 11, 12, 14, 15, 17, 20, 24, 61 అని వచ్చినవనుకొందము. వీటి సగటు 20 పైచిలుకు. సగటుతో పోల్చినచో మన 20 దోషము లేనిదిగా కనబడును. కాని ఆ సగటును పైకి లాగినది 61 అను ఒక్క అంకెయే, అక్కడ ఏ.సి. ఉండవచ్చును, మోటారు కలిసియుండవచ్చును. అందుచే సగటును కాక, వరుసలో సరిగా నడుమనున్న అంకెను, అనగా 15ను, కొలబద్దగా తీసికొనవలెను. అప్పుడు మన కార్యాలయము వెనుకబడియున్నదని స్పష్టమగును. తాళము వేసిన వేళ కాలుచున్న 966 యూనిట్లలో సగమును ఆపినను సూచిక పదునైదున్నర వద్దకు దిగివచ్చును.

రెండవ పోలిక భవనమునకు దానితోనే. నిరుటి మే నెలను ఈ యేటి మే నెలతో పోల్చవలెను గాని ఏప్రిల్‌తో కాదు. డిసెంబరు వాడకమును మే వాడకములో నుండి తీసివేసినచో, ఆ భవనము వేడితో పోరాడుటకు ఎన్ని యూనిట్లు ఖర్చు పెట్టుచున్నదో స్థూలముగా తెలియును. ఈ తేడా ఎక్కువగా ఉన్న భవనమున పరికరముల కంటె ముందు కప్పును, కిటికీలను చూడవలెను.

తక్కువ యూనిట్లన్నియు పొదుపు కావు

ఈ సంగతిని సభ్యులు మరచినచో కొలత మేలుకు బదులు కీడు చేయును. ఒక అంగన్వాడీ కేంద్రపు సూచిక 2 అని వచ్చినదనుకొందము. మండలములోకెల్ల తక్కువ. దానిని మెచ్చి, తక్కినవారును ఇట్లే ఉండవలెనని తీర్మానము చేయుదుమా? పోయి చూచినచో అచ్చట ఉన్న రెండు ఫ్యానులలో ఒకటి పాడై యుండవచ్చును. కిటికీ తెరువ వీలులేక, రేకుల కప్పు క్రింద పసిపిల్లలు చెమటలో పడుకొనియుండవచ్చును. అది శక్తి పొదుపు కాదు, పిల్లలకు కలుగవలసిన సుఖమును కలుగనీయకుండుట. పని జరిగి, మనుష్యులు సుఖముగా ఉండి, అందుకు తక్కువ శక్తి పట్టినప్పుడే దానిని సామర్థ్యమనవలెను.

కావున పుస్తకములో యూనిట్ల ప్రక్కన మరియొక గడి ఉండవలెను. గోడకు ఒక ఉష్ణమాపకమును, ఎండ తగులని చోట, కూర్చున్నవారి తల ఎత్తున తగిలించి, మార్చి నుండి జూన్ వరకు మధ్యాహ్నము 2 గంటల అంకెను వ్రాయుడు. యూనిట్లు తక్కువ, గది చల్లన: ఈ భవనము నుండి నేర్చుకొనవలెను. యూనిట్లు తక్కువ, గది వేడి: ఇచ్చట ఖర్చు పెట్టవలెను. యూనిట్లు ఎక్కువ, అయినను గది వేడి: ఇచ్చట కట్టడములోనే లోపమున్నది, ఎన్ని ఫ్యానులు పెట్టినను అవి వేడిగాలినే త్రిప్పును.

ఆ లోపము తరచుగా శ్లాబులో ఉండును. రాయలసీమలోని మట్టి మిద్దెలలో, గోదావరి జిల్లాల పెంకుటిండ్లలో పెరిగిన మన పెద్దలకు ఈ సంగతి వివరింప నక్కర లేదు. మందమైన మట్టి పగటి వేడిని మెల్లగా లోనికి విడుచును. పెంకుల సందున గాలి ఆడును. పలుచని కాంక్రీటు శ్లాబు అట్లు కాదు. పగలంతయు ఎండను త్రాగి, సాయంత్రమునకు గదిలోనికి విడిచిపెట్టును. పైన నల్లబడియున్నచో మరింత త్రాగును.

దీనికి తేలికయైన చికిత్స కప్పునకు తెలుపు పూయుట. హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనములపై, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వారును, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ వారును కలిసి జరిపిన పరిశోధన 2012లో వెలువడినది. నల్లని కప్పులకు తెల్లని పూత వేయగా, చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 20 నుండి 22 యూనిట్లు మిగిలినవనియు, చల్లదనము కొరకు చేయు ఖర్చు నూటికి 14 నుండి 26 వరకు తగ్గినదనియు అందులో లెక్క తేలినది. పూత లేని మామూలు కాంక్రీటు కప్పులకైనచో లాభము 13, 14 యూనిట్లుగా అంచనా కట్టిరి. 2023లో తెలంగాణ ప్రభుత్వము 2023-28 కాలమునకు చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది.

అయితే ఆ యూనిట్ల మిగులు ఏ.సి.లు గల భవనములది. ఏ.సి. లేని మన బడిలో కప్పు తెల్లబరచినను బిల్లు తగ్గదు. తగ్గునది గదిలోని వేడి. ఉష్ణమాపకపు గడి లేని పుస్తకములో ఈ లాభము ఎచ్చటను కనబడదు. సున్నము వేసిన డబ్బు వృథా అయినదని ఆడిట్ నాడు ఎవరైన అనవచ్చును కూడ! సున్నపు పూత వానలకు కొట్టుకొనిపోవును, దుమ్ము పట్టి మాసిపోవును. కనుక ఏటేట వేసవికి ముందు వేయవలసినదే.

ఏ పని ముందు?

లెక్క చేతికి వచ్చిన తరువాత పనుల వరుస దానంతట అదే తేలును. మన ఉదాహరణలో తాళము వేసిన వేళ నష్టము 966 యూనిట్లు. దానిని ఆపుటకు ఒక మెయిన్ స్విచ్చి, దానిని ఆపు బాధ్యత గల ఒక మనిషి చాలును. రాత్రియు నడువవలసిన వాటికి వేరు స్విచ్చి ఏర్పరుపవలెను. తరువాత ఫ్యానులు. పాత రకపు సీలింగు ఫ్యాను 75 వాట్ల వరకు తీసికొనును, బి.ఎల్.డి.సి. మోటారు గలది 30 వాట్ల వద్ద నడచును. పని గంటలన్నింటను తిరిగినను ఒక్కొక్క ఫ్యానుపై ఏడాదికి మిగులునది సుమారు 104 యూనిట్లు. ఉన్నవాటినన్నింటిని ఒక్కసారిగా పారవేయక, పాడైనప్పుడెల్ల మంచి రకమును కొనుట యుక్తము. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యానులకు నక్షత్ర ముద్ర తప్పనిసరి అయినది కావున కొనునప్పుడు చూచికొనవచ్చును.

సౌర ఫలకముల మాట చివరకు రావలెను. మన ప్రాంతములో ఒక కిలోవాటు ఫలకములు రోజుకు సుమారు 4 యూనిట్లు, ఏడాదికి 1,400 యూనిట్ల వరకు ఇచ్చును. వృథాగా పోవు 966 యూనిట్లను ఆపక ఫలకములు పెట్టింపబూనినచో, ఆ వృథాకు తిండి పెట్టుటకే ముప్పాతిక కిలోవాటుకు దగ్గరగా అదనపు ఫలకములు కొనవలసి వచ్చును. సౌరశక్తిని కాదనుట నా ఉద్దేశము కాదు. చిల్లి పూడ్చిన తరువాత తొట్టి ఎంత పెద్దది కావలెనో నిర్ణయించుట మేలని మాత్రమే నా మనవి.

పుస్తకమును గూర్చి ఒక మాట. ప్రతి భవనమునకు ఒక పుట కేటాయించి, పై భాగమున వైశాల్యము, పని గంటలు, మీటరుకు కలిసియున్న మోటారు, దీపముల వివరము వ్రాయవలెను. క్రింద నెలనెల తేదీ, మీటరు అంకె, యూనిట్లు, మధ్యాహ్నపు వేడి. మీటరు మార్చిన దినమున పాత మీటరు చివరి అంకెను, కొత్త మీటరు మొదటి అంకెను రెండింటిని వ్రాయనిచో ఏడాది లెక్క చెడును. కార్యదర్శి బదిలీ అయినప్పుడు ఈ పుస్తకము కూడ నగదు పుస్తకముతో పాటు అప్పగింత జాబితాలో చేరవలెను. వైశాల్యము కొలిచి మొదటి పుటను నింపుటకు ఒక భవనమునకు ఒక పూట పట్టును.